నడవ పక్క చోటు

సత్ప్రసాదం వేళకి మా బెంచీలో వాళ్ళంతా నా మోకాళ్ళు దాటుకుని వెళ్ళాలి. చర్చిలో కుడివైపు మూడో బెంచీ, నడవను ఆనుకున్న చివరి చోటు నాది. పాట మొదలవగానే లోపలివాళ్ళు లేస్తారు. నేను లేవను. మోకాళ్ళు కొంచెం పక్కకి తిప్పుతాను. ఒక్కొక్కరూ ముందు బెంచీ వీపు పట్టుకుని, కడుపు లోపలికి పీల్చుకుని, నాకు తగలకుండా జరిగి జరిగి నడవలోకి పడతారు. చేతులు జోడించుకుని, గురువు ఇచ్చే పల్చటి అప్పం కోసం పీఠం వైపు నడుస్తారు. తిరిగి వచ్చేటప్పుడు నాలుక మీద అప్పం కరుగుతూ ఉంటుంది కాబట్టి ఎవరూ మాట్లాడరు. మళ్ళీ కడుపులు పీల్చుకుని లోపలికి పోతారు. ఆ మధ్య కాసేపు ఖాళీ బెంచీలో నేనొక్కదాన్నే ఉంటాను, అందరూ నన్ను చూడకుండా చూస్తుంటారు.

నేను ఫిజియోథెరపిస్టుని. తుంటి విరిగినవాళ్ళనీ, పక్షవాతం వచ్చినవాళ్ళనీ మళ్ళీ నడిపించడం నా పని. అందువల్ల నన్ను దాటేవాళ్ళ ముఖాలకంటే కాళ్ళే నాకు ఎక్కువ తెలుసు. పోస్టాఫీసులో చేసి రిటైరైనాయన ఎడమ కాలి మీద బరువు వేయడు. పాటల టీచరుగారి అత్తగారికి చీలమండ పట్టు లేదు. ఇద్దరు పిల్లల తల్లి ఒకావిడ నన్ను దాటేటప్పుడు కావాలనే నా పాదం తొక్కుతుంది. అది కాళ్ళకి సంబంధించిన జబ్బు కాదు.

నా మొదటి పెళ్ళి ఈ చర్చిలోనే అయింది. అతను కొన్నేళ్ళకి నన్ను వదిలి వేరే ఊళ్ళో వేరే ఆమెతో కాపురం పెట్టాడు. కోర్టు విడాకులిచ్చింది. చర్చి దృష్టిలో అతను బతికున్నంతకాలం నేను అతని భార్యనే. ఇప్పుడు నేను ఒక ఎలక్ట్రీషియన్‌ని రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళి చేసుకుని అతనితో ఉంటున్నాను. మా ఆయన అని నేనంటాను. మా విచారణలో, అంటే ఈ చర్చి కింద ఉన్న కుటుంబాలన్నిటిలో, ఆ మాట ఎవరూ అనరు. ‘ఆ కరెంటు అబ్బాయి’ అంటారు. అబ్బాయికి యాభై దాటాయి. అతనితో ఉన్నంతకాలం నాకు సత్ప్రసాదం లేదు. నియమం అది. నియమం నాకు తెలుసు.

నాలాంటివాళ్ళకి చర్చిలో ఒక చోటుంది. వెనక, స్తంభాల చాటున, తలుపు దగ్గర రెండు బెంచీలు. పాటల టీచరుగారు దానికి వెయిటింగ్ రూమ్ అని పేరు పెట్టారు. అక్కడ కూర్చోమని ఎవరూ చెప్పరు. కాళ్ళే తీసుకెళ్ళి కూర్చోబెడతాయి. నేనూ చాలాకాలం అక్కడే కూర్చున్నాను. అక్కడినుంచి పీఠం కనపడదు, స్తంభం మీది సున్నం కనపడుతుంది. సున్నంలో పగుళ్ళు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాయో నాకు కంఠతా వచ్చేసిన తర్వాత ఒక ఆదివారం లేచి ముందుకొచ్చి కూర్చున్నాను.

గోడ పక్కన కూర్చుని ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. అందరూ అటునుంచి వెళ్ళిపోయేవాళ్ళు, నేను లోపల మిగిలిపోయినా ఎవరికీ పట్టేది కాదు. నడవ పక్కనే ఎందుకు కూర్చున్నానో నన్ను నేను చాలాసార్లు అడిగాను. పీఠం బాగా కనపడుతుందని ఒక జవాబు. అది నిజమే. కానీ ఎవరైనా ఒక కారణం మరీ తొందరగా చెబితే దాని వెనక ఇంకోటి దాక్కుని ఉంటుందని నా రోగుల దగ్గర నేర్చుకున్నాను. నొప్పి లేదు డాక్టరమ్మా అని ముందే చెప్పేవాళ్ళకే నొప్పి ఎక్కువ.

శనివారాలు విచారణ సేవా సంఘంతో కలిసి మంచం పట్టినవాళ్ళ ఇళ్ళకి వెళతాను. నాకు అప్పగించినవాళ్ళలో ఒకావిడ విచారణ సంఘం పెద్దాయన తల్లి. పెద్దాయనకి ఫర్నిచరు షాపుంది, వెనకే వర్క్‌షాపు. చర్చిలో బెంచీలన్నీ ఆయన చేయించి ఇచ్చినవే. ఆయన తల్లిని నేను పెద్దమ్మా అంటాను. తుంటి ఆపరేషన్ అయ్యాక వాకర్ పట్టుకుని నడవడం నేర్పిస్తున్నాను. ఆవిడ వాకర్‌ని ‘నా కొత్త మొగుడు’ అంటుంది, పాతాయనకంటే మాట వింటాడని.

ఆ శనివారం పెద్దమ్మ గది మధ్యలో నిలబడి ఉండగా పెద్దాయన వచ్చాడు. చిన్న మాట అన్నాడు. ఆయన చిన్న మాట అంటే కుర్చీ లాక్కుంటాడు. కూర్చుని, పోయిన వారం పాటల టీచరుగారి అత్తగారు నా పాదానికి తట్టుకుని పడబోయిన సంగతి గుర్తుచేశాడు. పడితే బాగుచేయాల్సింది మళ్ళీ మీరే అనుకోండి అని నవ్వాడు. ఆవిడ చీలమండ బలహీనంగా ఉందనీ, నేను లేకపోయినా చాప అంచుకి తట్టుకుంటుందనీ, చేయమన్న వ్యాయామం చేయడం లేదనీ చెప్పాను.

“లోపలికి జరిగి కూర్చుంటే సరిపోతుంది కదా,” అన్నాడు. “గోడ పక్కన ఫ్యాను కూడా ఉంది.”

“ఫ్యాను గాలి నాకు పడదండి.”

“పోనీ వెనక.”

“వెనక స్తంభం అడ్డం.”

“స్తంభం నేను కట్టించలేదమ్మా.”

“బెంచీలు మీరే కదా చేయించింది. కాస్త స్తంభం పక్కకి వచ్చేలా చేయించాల్సింది.”

“మీరిద్దరూ తీరిగ్గా మాట్లాడుకోండి,” అంది పెద్దమ్మ వాకర్ మీద వాలి. “నేనిలా నిలబడే ఉంటాను. నాకేం తొందర.”

ఆవిడని మంచం అంచున కూర్చోబెట్టాను. పెద్దాయన గొంతు తగ్గించాడు. ఆయన చెడ్డవాడు కాదు. అబద్ధం ఆడాల్సి వచ్చినప్పుడు చెవులు ఎర్రబడతాయి. ఇప్పుడు ఎర్రబడ్డాయి, తర్వాత మామూలయ్యాయి. అప్పుడు అసలు మాట చెప్పాడు.

“పిల్లలు అడుగుతున్నారు. ఆ ఆంటీ ఎందుకు లేవదు, ఎందుకు వెళ్ళదు అని. ఏం చెప్పమంటారు?”

“ఉన్నది చెప్పండి.”

“ఉన్నది చెప్పగలిగితే మీ దగ్గర ఈ మాట ఎత్తేవాణ్ణే కాదు.”

ఆయన వెళ్ళాక పెద్దమ్మ నావైపు చూసింది. నా పక్షం వహిస్తుందేమో అని నేను ఒక్క క్షణం ఆశపడ్డానని ఇప్పుడు తెలుస్తోంది.

“నువ్వు చేసేది తప్పేనే అమ్మాయ్,” అంది. “కట్టుకున్నవాడు బతికుండగా ఇంకొకడేమిటి. సర్లే, ముందు ఈ కాలు సంగతి చూడు.”

కాలు సంగతి చూశాను.

మర్నాడు పూజ తర్వాత విచారణ గురువు నన్ను ఆఫీసుకి పిలిచారు. ఆయన నాకంటే చిన్నవారు. నిద్ర చాలని కళ్ళు, బల్ల మీద ఎప్పుడూ సగం తాగి వదిలేసిన కాఫీ. పెద్దాయన తనతో మాట్లాడాడని చెప్పారు. కూర్చునే చోటు గురించి ఎక్కడా నియమం లేదనీ, తను లేవమని చెప్పబోనని కూడా చెప్పారు. కానీ రెండు దారులున్నాయి, ఆలోచించమన్నారు. ఒకటి, సత్ప్రసాదానికి అందరితోపాటు లైనులో వచ్చి, చేతులు రొమ్ము మీద అడ్డంగా పెట్టుకుంటే అప్పం ఇవ్వకుండా దీవించి పంపుతారు. రెండోది, చర్చి న్యాయసభకి అర్జీ పెట్టుకోవడం. మొదటి పెళ్ళి మొదటినుంచీ పెళ్ళే కాదని సభ తేలిస్తే, ఎలక్ట్రీషియన్‌తో నా పెళ్ళి పీఠం ముందు జరిపించవచ్చు. నా విషయంలో అవకాశం ఉందని ఆయన నమ్మకం. నా మొదటి భర్త ఆ పెళ్ళి మనస్ఫూర్తిగా చేసుకోలేదని నేను చెబితే చాలు, సాక్షులని తను చూస్తారు.

ఆయన దయగానే అన్నారు. అతను గుర్తొచ్చాడు. పెళ్ళైన కొత్తలో నేను పరీక్షలకి చదువుతుంటే, వంట అతను చేసి, పుస్తకం తన ఒళ్ళో పెట్టుకుని నన్ను ఎముకల పేర్లు అడిగేవాడు. ఒక్క పేరూ సరిగ్గా పలికేవాడు కాదు. నేను నవ్వుతుంటే కోపం నటించి, జవాబు చెప్పేదాకా అన్నం పెట్టనని గిన్నె ఎత్తి పట్టుకునేవాడు. ఆ మనిషే తర్వాత నాకు చెప్పకుండా వెళ్ళిపోయాడు. రెండూ జరిగాయి. రెండోది జరిగింది కాబట్టి మొదటిది జరగలేదని చెప్పమంటున్నారు.

“ఆ పెళ్ళి పెళ్ళే ఫాదర్,” అన్నాను. “విరిగింది. విరిగిందంటే ముందు ఉన్నట్టే కదా. లేదని నేను చెప్పను.”

“అయితే ఇప్పటిది?”

“ఇదీ పెళ్ళే. పాపమని ఒప్పుకోను. ఒప్పుకోకుండా దొంగచాటుగా తీసుకోను కూడా. పక్క ఊరి చర్చికి వెళితే నన్నెవరూ గుర్తుపట్టరు, అక్కడ తీసుకోవచ్చని మా చెల్లెలు చెప్పింది. అదీ చేయను.”

“చేతులు అడ్డంగా పెట్టుకుని రావడానికేం?”

“నాకు ఆకలేస్తే ఆకలిగా ఉన్నట్టే కూర్చుంటాను ఫాదర్. తిన్నవాళ్ళతో కలిసి నడవను.”

ఆయన కాఫీ కప్పు పక్కకి జరిపారు. మరి ఏం చేస్తారు అని అడిగారు. కూర్చుంటాను అన్నాను. తను వారం పాటు ధ్యానానికి వెళుతున్నాననీ, వచ్చే ఆదివారం పూజకి వేరే ఊరినుంచి ఒక పెద్ద గురువు వస్తారనీ, తిరిగి వచ్చాక మళ్ళీ మాట్లాడుకుందామనీ చెప్పి లేచారు. నన్ను సాగనంపుతున్నప్పుడు ఆయన నడకలో ఒక అలసట కనపడింది. రెండువైపులా లాగుతుంటే మధ్యలో ఉన్న తాడు నడిస్తే అలాగే ఉంటుంది.

ఆ వారమంతా నాలో నేను వాదించుకున్నాను. అక్కడ కూర్చునేది భక్తా, పంతమా? నేను దేవుడి ముందు కూర్చున్నానా, వాళ్ళకి అడ్డంగా కూర్చున్నానా? ఒక రోజు భక్తి అనిపించేది, మర్నాడు పళ్ళు తోముకుంటుంటే పచ్చి పంతమే అనిపించేది. పిల్లల తల్లి నా పాదం తొక్కినప్పుడు నాకు కలిగే సంతోషం సంగతి ఎవరికీ చెప్పలేదు. తొక్కిన చోట నేను ఉన్నానని రుజువు దొరికినట్టుండేది. ఇది ఆరోగ్యకరమైన సంగతి కాదని నాకు తెలుసు. ఇంకెవరైనా చెబితే తల ఊపి, ఇలా ఎప్పటినుంచి అనిపిస్తోంది అని అడిగి ఉండేదాన్ని.

మా ఆయన చర్చిలోకి రాడు. మైకులు, లైట్లు పాడైతే వెళ్ళి ఊరికే బాగుచేసి వస్తాడు. ఆదివారాలు నన్ను బండి మీద దింపి, బయట చెట్టు కింద పేపరు చదువుకుంటాడు. తిరిగి వచ్చేటప్పుడు ‘ఇవాళ ఎంతమంది దాటారు’ అని అడుగుతాడు, ట్రాఫిక్ సంగతి అడిగినట్టు. ఈసారి శనివారం రాత్రి భోంచేస్తుంటే నా వాదన బయటపెట్టాను.

“నువ్వు దేవుణ్ణి చూడ్డానికి వెళుతున్నావా, వాళ్ళకి కనపడ్డానికి వెళుతున్నావా?” అన్నాడు.

“రెండూ.”

“అయితే మంచి చీర కట్టుకో.”

ఆదివారం వచ్చిన పెద్ద గురువు బాగా ముసలివారు. తెల్లటి కనుబొమలు కళ్ళద్దాల మీదికి వంగి ఉన్నాయి. ప్రసంగం చిన్నదిగా, ఆగి ఆగి చెప్పారు. మెడ దగ్గర తగిలించిన చిన్న మైకు ఆయన ఊపిరిని కూడా వినిపిస్తోంది. నేను నా చోటులో ఉన్నాను. పక్కన పోస్టాఫీసాయన, ఆ పక్కన పాటల టీచరుగారి అత్తగారు, చివర పిల్లలతో ఆ తల్లి.

మా విచారణలో నడవలేనివాళ్ళకి సత్ప్రసాదం అందరి తర్వాత అందుతుంది. లైనులన్నీ అయిపోయాక గురువు కిందికి దిగి, కూర్చున్నవాళ్ళ దగ్గరికి తీసుకెళతారు. ఈయన పద్ధతి వేరు. నడవలేనివాళ్ళు ఆఖరున ఎందుకుండాలి అనుకునే మనిషి అయి ఉంటారు. పాట మొదలయ్యీ కాకముందే అప్పాల పాత్ర పట్టుకుని మెట్లు దిగి నేరుగా జనంలోకి వచ్చారు. ముందు బెంచీలో చూపులేని ముసలాయనకి ఇచ్చారు. రెండో బెంచీలో చక్రాల కుర్చీ అమ్మాయికి ఇచ్చారు. తలెత్తి ఇంకెవరున్నారా అని చూశారు. మూడో బెంచీలో అందరూ లేచి ఉన్నారు, నడవ పక్కన ఒకావిడ మోకాళ్ళు పక్కకి తిప్పుకుని కూర్చునే ఉంది.

ఆయన నా దగ్గరికి వచ్చారు.

ఏం జరుగుతోందో నాకు అర్థమయ్యేసరికి ఆయన చేయి నా ముఖం ముందు ఉంది. రెండు వేళ్ళ మధ్య అప్పం. వంగి నన్ను చూస్తున్న ఆ ముఖంలో జాలి ఉంది. అవిటివాళ్ళ మీద మంచివాళ్ళకి ఉండే జాలి. అది నేను రోజూ చూసే జాలే, నా రోగుల బంధువుల ముఖాల మీద.

“క్రీస్తు శరీరం,” అన్నారు.

నోట్లో నీళ్ళూరాయి. దేవుడు, నియమం, పంతం అన్నీ తర్వాత. ముందు నోరు తెరుచుకోబోయింది. ఆమెన్ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చేసింది. అంటే చాలు. నేను అడగలేదు, లైనులో నిలబడలేదు, దొంగచాటుగా రాలేదు. గురువే నడిచొచ్చి ఇచ్చారు. ఎవరేమనగలరు? ఇన్నేళ్ళ ఆకలి ఒక్క పొరపాటుతో తీరిపోతుంది.

కానీ ఆయన ఇస్తున్నది నాకు కాదు. నడవలేని ఒకావిడకి. ఆవిడ నేను కూర్చున్న చోటులో కూర్చుని, నా చీర కట్టుకుని ఉంది, అంతే. నేను నోరు తెరిస్తే ఆవిడ తింటుంది, నేను మళ్ళీ స్తంభం చాటుకి వెళ్ళినట్టే.

“ఫాదర్, నాకు కాళ్ళు బాగానే ఉన్నాయి,” అన్నాను.

మెల్లగానే అన్నాను. కానీ ఆయన వంగి ఉండటం వల్ల మైకు నా నోటికి జానెడు దూరంలో ఉంది. నా మాట చర్చి నాలుగు మూలలనుంచీ నాకే తిరిగి వినపడింది. పాట పాడుతున్న గొంతులు ఒక్కొక్కటీ ఆగిపోయాయి. హార్మోనియం మాత్రం ఇంకాసేపు వాయించి ఆగింది.

“మరి ఎందుకమ్మా కూర్చున్నావు?” అని అడిగారు. అదీ అందరికీ వినపడింది. ఆయన గొంతులో కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగారు. ఈ చర్చిలో ఆ ప్రశ్న నన్ను నేరుగా అడిగిన మొదటి మనిషి ఆయనే.

నేను లేచి నిలబడ్డాను.

“నాకు ఇవ్వకూడదండి. నా మొదటి భర్త బతికే ఉన్నాడు. నేను మళ్ళీ పెళ్ళి చేసుకున్నాను. అందుకని లైనులోకి రాను. వెనక కూర్చుంటే మీరు కనపడరని ఇక్కడ కూర్చుంటాను.”

ఆయన చేయి వెంటనే దించలేదు. అప్పం పట్టుకున్న వేళ్ళు అలాగే గాలిలో ఉన్నాయి. పూజ పుస్తకంలో ఈ చోటికి మాటలు లేవు. చివరికి అప్పాన్ని పాత్రలో పెట్టి, “సరే,” అన్నారు. మళ్ళీ, “సరే. కూర్చోమ్మా,” అన్నారు.

“నిలబడతానండి.”

ఆయన వెనక్కి వెళ్ళారు. పాట మళ్ళీ మొదలైంది, మొదటి పాదం నుంచి కాకుండా ఆగిన చోటినుంచి, ముందు ఒకరిద్దరు, తర్వాత అందరూ. నేను నడవలోకి ఒక అడుగు వేసి మా బెంచీలో వాళ్ళకి దారిచ్చాను. మోకాళ్ళు దాటడానికి లేకపోవడంతో వాళ్ళు నా ముఖం ముందునుంచి వెళ్ళాల్సి వచ్చింది. పోస్టాఫీసాయన క్షమించమన్నట్టు ఏదో గొణిగాడు. పిల్లల తల్లి తొక్కడానికి పాదం దొరక్క తల దించుకుంది. ఆవిడ పెద్దకొడుకు మాత్రం తలెత్తి, తెరిచిన నోటితో నన్ను చూస్తూ వెళ్ళాడు. ఇక వాడికి ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు.

పూజ అయ్యాక చర్చి ముందు పెద్దాయన నన్ను ఆపాడు. చెవులు ఎర్రగా లేవు. ముఖం ఎర్రగా ఉంది.

“దేవుడు నడిచి మీ దగ్గరికొస్తే వద్దంటారా?”

“తీసుకుని ఉంటే ఏమనేవారు?”

ఆయనకి అబద్ధం చేతకాదని చెప్పాను కదా.

“అదీ తప్పే అనేవాణ్ణి.”

“మరి నేనేం చేయాలండి?”

“అందుకే కదమ్మా వెనక కూర్చోమన్నాను. అక్కడైతే ఏమీ జరగదు.”

“నాకు జరగాలండి,” అన్నాను.

ఇక తన తల్లి కోసం శనివారాలు రానక్కర్లేదనీ, వేరే ఎవరినైనా చూసుకుంటాననీ చెప్పి వెళ్ళిపోయాడు. చెట్టు కింద మా ఆయన పేపరు మడిచి నిలబడి ఉన్నాడు. బయటి స్పీకరులోంచి అంతా విన్నాడు. ఎంతమంది దాటారని ఈసారి అడగలేదు. మైకు బాగా పనిచేస్తోంది అన్నాడు. బండి నడుపుతుంటే అతని భుజాలు కదులుతున్నాయి. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో వెనకనుంచి తెలియలేదు, అడగలేదు.

ఆ వారం మధ్యలో పెద్దమ్మ ఫోను చేసింది. “మావాడి కోపం మావాడిది, నా కాలు నాది. శనివారం రా,” అని పెట్టేసింది. వెళ్ళాను. పెద్దాయన ఇంట్లో లేడు, లేకుండా చూసుకున్నాడు. ఆవిడ ఆ రోజు గుమ్మం దాకా నడిచింది. కూర్చున్నాక, రొప్పుతూనే నాకు వార్త చెప్పింది.

“మీ బెంచీ మా వర్క్‌షాపులో ఉందే. కాలు విరిగిందట, బాగుచేయాలట. నా కాలు విరిగినప్పుడు ఇంత తొందరగా కదిల్చారా ఎవరైనా?”

“నిజంగా విరిగిందా పెద్దమ్మా?”

“బెంచీకా? దానికి నీకంటే గట్టి కాళ్ళు,” అంది. తర్వాత నా చేయి పట్టుకుంది. ఓదారుస్తుందనుకున్నాను. “చేసింది మాత్రం తప్పేనే,” అంది. లేవడానికి ఆసరా కోసం పట్టుకుంది.

ఆదివారం మా ఆయన దింపి వెళ్ళి చెట్టు కింద కూర్చున్నాడు. నేను లోపలికి నడిచాను. కుడివైపు రెండో బెంచీకీ నాలుగో బెంచీకీ మధ్య నోట్లో పన్ను ఊడినట్టు ఖాళీ. కింద గచ్చు మీద బెంచీ ఇన్నాళ్ళూ ఉన్నచోట రంగు వేరుగా ఉంది. మా బెంచీలో వాళ్ళు మిగతా బెంచీల్లో సర్దుకుని ఇరుక్కుని ఉన్నారు. వెనక వెయిటింగ్ రూములో రెండు చోట్లు ఖాళీగా ఉన్నాయి. తెలిసి ఉంచినవే కావచ్చు.

నేను ఆ ఖాళీలోకి వెళ్ళి, నడవ పక్కన, ఎప్పుడూ కూర్చునే చోట నిలబడ్డాను.

పూజ మొదలైంది. విచారణ గురువు ధ్యానం నుంచి తిరిగొచ్చారు, కళ్ళు కొంచెం తేరుకున్నాయి. పీఠం ముందుకొచ్చి జనం వైపు తిరగగానే ఖాళీని చూశారు, దానిలో నన్ను చూశారు. చేతులు చాచి చెప్పాల్సిన మాట దగ్గర ఒక్క క్షణం తడబడి, చెప్పారు. వాక్యం చదివేటప్పుడు అందరూ కూర్చున్నారు, నేను నిలబడ్డాను. ప్రసంగానికి కూర్చున్నారు, నేను నిలబడ్డాను. మోకరిల్లినప్పుడు నేనూ మోకరిల్లాను, మోకాళ్ళ కింద మెత్త వేసిన పలక లేదు, ఉత్త గచ్చు. లేచేటప్పుడు పట్టుకోవడానికి ముందు బెంచీ వీపు అందలేదు. చేతులతో పట్టుకోకుండా ఎలా లేవాలో నేను రోజూ రోగులకి చెప్పే పద్ధతిలోనే లేచాను. ఎవరో కుర్రవాడు ప్లాస్టిక్ కుర్చీ తేబోతే వద్దని చేయి ఊపాను.

నాకు కోపం వస్తుందనుకున్నాను, రాలేదు. పంతమూ, భక్తీ దేనికదిగా విడిపోయి కనపడతాయేమో అని లోపలికి చూసుకున్నాను. విడిపోలేదు. ఒకే కండరానికి రెండు పేర్లు పెట్టి ఇన్నాళ్ళూ వేరుచేయడానికి ప్రయత్నించానేమో. పిక్కలు లాగుతున్నాయి. బరువు ఒక కాలి మీదనుంచి ఇంకో కాలి మీదికి మార్చుకున్నాను. బెంచీ తీసేస్తే చోటు పోతుందని పెద్దాయన అనుకున్నాడు. నేనూ రాత్రంతా అదే భయపడ్డాను. ఇప్పుడు గోడ దాకా మొత్తం వరుస నాదే.

సత్ప్రసాదం పాట మొదలైంది. ఇవాళ ఎవరూ నన్ను దాటనక్కర్లేదు. ముందువాళ్ళు ముందునుంచి, వెనకవాళ్ళు వెనకనుంచి వెళుతున్నారు. పెద్దాయన లైనులు సరిచేస్తూ నడవలో వస్తున్నాడు. నా దగ్గర ఆగాడు.

“కూర్చోండమ్మా, కుర్చీ నేనే తెస్తాను. అందరూ చూస్తున్నారు.”

“చూడనివ్వండి.”

“ఎంతసేపిలా?”

“పూజ అయ్యేదాకా.”

“వచ్చే వారం?”

“వచ్చే వారం కూడా పూజ ఉంటుంది కదండీ.”

ఆయన ఇంకేదో అనబోయాడు. లైను కదిలింది, తన వంతు వచ్చింది. చేతులు జోడించుకుని ముందుకెళ్ళి, నాలుక చాచి అప్పం తీసుకుని తిరిగి వచ్చాడు. నోరు మూసుకుని ఉంది కాబట్టి మాట్లాడటానికి లేదు. నా పక్కనుంచి వెళుతూ ఆయన చూపు కిందికి, గచ్చు మీదికి పోయింది. నేను ఆయన వైపే చూస్తూ ఉన్నాను.

పాట అయిపోయింది. విచారణ గురువు పాత్ర మూసి, లోపల పెట్టి, తన కుర్చీలో కూర్చున్నారు. చర్చిలో ఉన్నవాళ్ళంతా కూర్చున్నారు. బెంచీలు కిర్రుమని ఆగాయి. ఆ మౌనంలో నిలబడి ఉన్నది నేనొక్కదాన్నే. పీఠం ఎప్పటికంటే దగ్గరగా, అడ్డం లేకుండా కనపడుతోంది. నేను నిలబడే ఉన్నాను.